రేడియో గారి అరవై ఒకటి

రేడియో గారు మూడు మీటలు కలిపి నొక్కారు. ఎడమ చెవిలోని ఇయర్‌ఫోన్‌లో యంత్రం గుక్క తిప్పుకోకుండా అందుకుంది. ఎనానిమస్ ఫంక్షన్. ఎనానిమస్ ఫంక్షన్. ఎనానిమస్ ఫంక్షన్. ఆయన బల్ల మీద వేలితో కొడుతూ లెక్కపెట్టుకుని, జాబితా అయిపోగానే గదంతటికీ వినబడేలా ప్రకటించారు.

“అరవై ఒకటి! నా పెళ్ళికి కూడా ఇంతమంది ముక్కూమొహం తెలియనివాళ్ళు రాలేదు.”

ఎవరూ నవ్వలేదు. మూడు వారాలుగా రోజూ పొద్దున్న తొమ్మిదింపావుకి ఇదే ప్రకటన, ఇదే పెళ్ళి. మొదటిరోజు నవ్వినవాళ్ళు కూడా ఇప్పుడు తలెత్తడం మానేశారు.

రేడియో గారికి చూపు లేదు. ఈ సంగతి మొదటే చెప్పేస్తే ఓ పనైపోతుంది, ఎందుకంటే దాని గురించి కన్నీళ్ళు పెట్టుకునే ఘట్టం ఈ కథలో లేదు. పందొమ్మిదో ఏట తగ్గడం మొదలై ఇరవై మూడో ఏటికల్లా పూర్తిగా పోయింది. ఎవరైనా గొంతులో జాలి కలిపి “ఎలా పోయిందండీ?” అని అడిగితే, “ఎక్కడో పెట్టి మర్చిపోయానండీ, మీకు కనిపిస్తే చెప్పండి” అంటారు. అడిగినవాళ్ళు మళ్ళీ అడగరు.

రేడియో అన్న పేరు ఆఫీసువాళ్ళు పెట్టింది. తెర మీద ఉన్నదంతా ఆయన కంప్యూటర్ గొంతెత్తి చదువుతుంది కాబట్టి అని కొందరంటారు. ఆయన నోరు మూతపడదు కాబట్టి అని మిగతావాళ్ళంటారు. ఆయనా ఊరుకోలేదు, ఎవరి చప్పుడును బట్టి వాళ్ళకి పేరు పెట్టారు. టీముకి పెద్దయిన ఆవిడ చేతిలో తాళాలగుత్తి ఆడిస్తూ తిరుగుతుంది కాబట్టి తాళాల మేడమ్. పక్క బల్ల అమ్మాయి ఆలోచన తెగనప్పుడల్లా కళ్ళజోడు తీసి టక్కుమని బల్ల మీద పెడుతుంది కాబట్టి కళ్ళజోడు.

ఆఫీసంటే మూడో అంతస్తులో ఒక గది, పన్నెండు బల్లలు, కిటికీలో ఓ ముసలి ఏసీ, దాని కింద కారే నీళ్ళకి ఓ బకెట్టు. ఇక్కడ తయారయ్యే ప్రోగ్రామ్ పది బస్సు డిపోలకి డ్యూటీలు వేస్తుంది. ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలి, ఎవరికి సెలవిచ్చారు, సెలవు పెట్టిన మనిషి బదులు ఎవరు రావాలి, అంతా అదే చూసుకుంటుంది. రేడియో గారు పద్నాలుగేళ్ళుగా ఆ ప్రోగ్రామ్‌లోనే కాపురం పెట్టారు. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఒక పెద్ద ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. “నమస్కారమండీ, ఏ వార్డు కావాలి?” అన్న ఒక్క వాక్యాన్ని రోజుకి నాలుగొందల సార్లు చొప్పున అప్పజెప్పి, సాయంత్రాలు ఇంట్లో కూర్చుని కోడ్ రాయడం చెవితో నేర్చుకున్నారు. చచ్చీ చెడీ ఆ కుర్చీలోంచి బయటపడ్డారు. ఇప్పటికీ ఎవరైనా నమస్కారమండీ అంటే ఆయన నాలుక మీదికి వార్డు వచ్చేస్తుంది.

ఇక ఈ ఎనానిమస్సుల గోలేమిటో చెప్పాలి. ప్రోగ్రామ్‌లో ఒక చిన్న పని ఎలా చెయ్యాలో రాసిపెట్టుకుంటే దాన్ని ఫంక్షన్ అంటారు. దానికో పేరు పెడితే, అవసరమైన చోటల్లా ఆ పేరుతో పిలిచి పని చేయించుకోవచ్చు. ఒక్కచోట తప్ప పనిబడదనుకున్నప్పుడు, దీనికి మళ్ళీ పేరొకటి దండగ అని అక్కడికక్కడే రాసి వదిలేస్తారు. అదే ఎనానిమస్ ఫంక్షన్. తప్పేమీ కాదు, అందరూ రాస్తారు, రేడియో గారూ రాస్తారు. కాకపోతే కోడ్ రాసుకునే ఎడిటర్ ఒకటుందే, అది ఫైల్లో ఉన్న ఫంక్షన్లన్నిటినీ ఓ పక్కన జాబితా వేసి పెడుతుంది. పేరున్నవాటిని పేరుతో రాస్తుంది. పేరులేనివాటన్నిటికీ ఒకే మాటతో సరిపెడుతుంది.

కళ్ళున్నవాళ్ళకి ఇదసలు సమస్యే కాదు. వాళ్ళు ఆ జాబితా వంక చూడనే చూడరు, నేరుగా కోడ్ మీద కళ్ళు పరిగెత్తిస్తారు. రేడియో గారికి మాత్రం ఆ జాబితాయే దారి. అది చదువుతుంటే విని, కావలసిన పేరు రాగానే ఇంకో మీట నొక్కి అక్కడికి దూకుతారు. పేర్లు లేకపోతే నంబర్లు లేని కాలనీలో ప్రతి తలుపూ తట్టి “ఇదేనా అండీ?” అని అడుక్కుంటూ తిరగడమే. తట్టింది ఇరవయ్యో తలుపో ఇరవై ఒకటో తలుపో మధ్యలో ఫోనొస్తే మర్చిపోవడం, మళ్ళీ మొదటి ఇంటికి రావడం.

ఆ అరవై ఒకటీ కళ్ళజోడు రాసింది. ఎనిమిది నెలల క్రితం చేరిన ఈ పిల్ల తెలివికి వంక పెట్టడానికి లేదు, వేగానికీ లేదు. పాత చెత్తనంతా ఊడ్చి, డిపోల పనులన్నీ ఒక కొత్త ఫైల్లోకి తెచ్చి శుభ్రంగా సర్దింది. ఒక్కో డిపోది ఒక్కో పేచీ కాబట్టి దేనివి దానికే విడిగా రాసింది. దేనికీ పేరు పెట్టలేదు. అందరూ మెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి రేడియో గారికి తల ప్రాణం తోకకొచ్చింది. పదినిమిషాల పని పూట పట్టసాగింది.

మరి అంత కష్టమైతే నోరు తెరిచి చెప్పొచ్చు కదా, ఆ నోరేమైనా చిన్నదా అంటే, దానికో కారణముంది. చేరిన కొత్తలో ఆయన ఒకసారి ఇలాంటి ఇబ్బందే చెప్పుకున్నారు. అప్పటి మేనేజరు ఎంతో ప్రేమగా “అయ్యో, అలాగా” అని, ఆయన్ని తీసుకెళ్ళి రెండు నెలల పాటు ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. అప్పుడే రేడియో గారు ఒట్టు పెట్టుకున్నారు. జోకులు వేయొచ్చు, కేకలు పెట్టొచ్చు, పెళ్ళిని మధ్యలోకి లాగొచ్చు, ఇబ్బంది అన్న మాట మాత్రం నోట్లోంచి రానివ్వకూడదని. పద్నాలుగేళ్ళుగా రానివ్వలేదు.

ఇంతలో ఏడో డిపో నుంచి ఫిర్యాదు వచ్చింది. అక్కడ ఎవరికి సెలవిచ్చినా వాళ్ళ బదులు ఇద్దరు డ్రైవర్లు దిగుతున్నారు. ఒకే బస్సు, ఒకే స్టీరింగు, ఇద్దరు మనుషులు. మొదటివారం నవ్వుకుని సర్దుకున్నారట. రెండోవారం ఇద్దరు డ్రైవర్లు బస్సు మెట్ల మీదే చొక్కాలు పట్టుకున్నారు. గదిలో నలుగురు కూర్చుని ఏడో డిపో కోడ్ని లైను లైనూ చదివారు. సెలవు లెక్క చూస్తే ముత్యంలా ఉంది. ఎక్కడా వీసమెత్తు తప్పులేదు. పాత కాపు కదా అని చివరికి దాన్ని రేడియో గారి బల్ల మీదికి తోశారు. కొత్త ఫైలు వచ్చిన మూడో వారంలో ఆయన తలుపులు తట్టడం మొదలుపెట్టారు.

సోమవారం మధ్యాహ్నం తాళాల చప్పుడు వచ్చి ఆయన కుర్చీ పక్కన ఆగింది.

“రేడియో గారూ, ఒక్క నిమిషం. మీరు బాగా అలసిపోతున్నారు, నేను గమనిస్తూనే ఉన్నాను.”

“అలసట కాదు మేడమ్, వయసు. మీకూ వస్తుంది, తొందరపడకండి.”

“జోకులు కాదండీ. ఈ కొత్త కోడ్ మీకు...” అని ఆవిడ మాట కోసం వెతుక్కుంది. “కాస్త బరువవుతోంది. కిందంతస్తులో డిపోలవాళ్ళ ఫోన్లు ఎత్తే డెస్కు ఖాళీగా ఉంది. మీ గొంతు బాగుంటుంది, మాట్లాడటం మీకిష్టం. ఒకటో తారీఖు నుంచి అక్కడైతే హాయిగా ఉంటారు కదా. శుక్రవారానికి కాగితం తయారవుతుంది.”

ఆవిడ మంచిది. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే రేడియో గారు నాలుగు తగిలించి ఉండేవారు. ఇంత ప్రేమగా పాతాళంలోకి దిగమంటే ఏమనాలో తోచలేదు. చెవుల్లో నాలుగొందల వార్డులు ఒక్కసారి మోగాయి. “అలాగే మేడమ్, మీ ఇష్టం” అన్నారు.

ఇంట్లో గురువారం దాకా చెప్పలేదు. ఆయన భార్య ఒక క్లినిక్‌లో చెవి పరీక్షలు చేస్తుంది. పొద్దుననుంచీ వినబడనివాళ్ళతో అరిచి వచ్చే మనిషి కాబట్టి ఇంట్లో కూడా ఆవిడ గుసగుస వీధి చివరిదాకా వెళుతుంది. గురువారం సాయంత్రం టీ కప్పు చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది.

“నాలుగు రోజులుగా ఇంట్లో రేడియో పాడైంది. బాగు చేయించాలా, కొత్తది కొనుక్కోవాలా?”

ఆయన టీ తాగి కప్పు కింద పెట్టారు. తర్వాత చెప్పేశారు, ఫైలు, డిపో, డెస్కు, అన్నీ. ఆవిడ మొత్తం విని, “మీరు వాళ్ళకి చెప్పారా?” అంది.

“రోజూ చెబుతూనే ఉన్నాగా. అరవై ఒకటి అని అరుస్తూనే ఉన్నా.”

“అది చెప్పడమా? జోకు. అసలు మీ చెవిలో ఏం మోగుతుందో వాళ్ళలో ఒక్కరైనా ఎప్పుడైనా విన్నారా?”

ఆయన ఆలోచించారు. పద్నాలుగేళ్ళలో ఎవరూ వినలేదు. ఆయన యంత్రం మామూలు మనిషి మాటకి మూడింతల వేగంతో చదువుతుంది. ఎప్పుడైనా ఇయర్‌ఫోన్ ఊడి బయటికి వినిపించినా, జనానికి అది రేకు డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టే ఉంటుంది.

“మా క్లినిక్‌కి ఓ ముసలాయన్ని తీసుకుని ఆయన కొడుకు వస్తాడు, ‘నాన్న కావాలనే వినడు మేడమ్’ అంటాడు,” అంది ఆవిడ. “నేను వాదించను. ఆ కొడుకు చెవుల్లో దూది కుక్కి రెండు నిమిషాలు మాట్లాడతా. అంతే, వెళ్ళేటప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని వెళతాడు. మీరు ఆ యంత్రాన్ని నెమ్మది చేసి, ఆ తీగ పీకేసి, వాళ్ళకి వినిపించండి.”

“వింటే జాలిపడతారు.”

“పడితే పడనివ్వండి, మీ సొమ్మేం పోయింది? నమస్కారమండీ, ఏ వార్డు కావాలి?”

ఆ ఒక్క వాక్యంతో ఆవిడ గెలిచేసింది.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింపావుకి ప్రకటన వినబడలేదు. దానికి అలవాటుపడిన గది తనంతట తనే తలెత్తింది. రేడియో గారు లేచి నిలబడ్డారు.

“అందరూ రెండున్నర నిమిషాలు నా బల్ల దగ్గరికి రండి. మేడమ్, మీరు కూడా. అమ్మాయ్, చెవిలో ఆ పాటలు ఆపి నువ్వూ రా.”

వచ్చారు. ఆయన ఇయర్‌ఫోన్ తీగ పీకేశారు, యంత్రం వేగాన్ని మామూలు మనిషి నడకకి దించారు, మూడు మీటలు నొక్కారు.

“ఎనానిమస్ ఫంక్షన్,” అంది యంత్రం తీరిగ్గా. “ఎనానిమస్ ఫంక్షన్. ఎనానిమస్ ఫంక్షన్.”

నాలుగోదానికి ఎవరో కిసుక్కుమన్నారు. పదోదానికి ఇద్దరు బాహాటంగానే నవ్వారు. ఇరవయ్యోదానికి ఒకరు దగ్గారు. ముప్పై దాటాక నవ్వూ లేదు, దగ్గూ లేదు, బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు ఒక్కటే. యంత్రానికి మొహమాటం లేదు కదా, అది దాని పాటికి ఎనానిమస్ ఫంక్షన్, ఎనానిమస్ ఫంక్షన్ అని చదువుకుంటూ పోయింది. నలభై దగ్గర టక్కుమని కళ్ళజోడు బల్ల మీద పడింది. తాళాల చప్పుడు ఎప్పుడాగిందో ఎవరికీ తెలియదు.

యంత్రం ఊరుకున్నాక రేడియో గారు అడిగారు. “ఇప్పుడు ఇందులో ఏడో డిపో సెలవు లెక్క ఎక్కడుందో చెప్పండి. మీ అందరికీ కళ్ళు మూసుకునే సదుపాయం ఉంది, వాడుకోండి.”

“ముప్పై... ముప్పై తొమ్మిదా?” అంది కళ్ళజోడు, గొంతు సగం లోపలే ఉంచుకుని.

“నన్నడుగుతావేం? రాసింది నువ్వు.”

“సార్, మీకిలా వినిపిస్తుందని నాకు నిజంగా తెలీదు. ఒక్క మాట అనుంటే ఆ రోజే అన్నిటికీ పేర్లు పెట్టేదాన్ని కదా.”

“అంటే డెస్కుకి పంపేస్తారని భయం వేసిందమ్మా,” అన్నారు రేడియో గారు. ఆయన నోట జోకు కలవని మాట ఆ గదిలో ఎవరూ అంతకుముందు వినలేదు. “అనకపోయినా పంపేస్తున్నారు, అది వేరే సంగతి. ఏమైతేనేం, అరవై ఒకటి విన్నారు. ఇక వెళ్ళి పనులు చూసుకోండి.”

కళ్ళజోడు బల్ల మీదున్న తన కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

“అరవై ఒకటా? అరవై కదా సార్.”

“అరవై ఒకటి. మూడు వారాలుగా నెత్తీ నోరూ బాదుకుంటున్నాను.”

“మీరేదో జోకుకి అంటున్నారనుకున్నా. పది డిపోలు, ఒక్కోదానికి ఆరు. నేను రాసింది అరవయ్యే.”

రేడియో గారు కుర్చీలో కూలబడి, ఇయర్‌ఫోన్ గుచ్చుకుని, యంత్రాన్ని మళ్ళీ గోళీల డబ్బా వేగానికి ఎక్కించారు. ఈసారి ఇల్లు వెతుక్కోవడం కాదు, అన్ని ఇళ్ళలోకీ వరసగా దూరడమే. ఆయన పెదవులు కదులుతుంటే మిగతావాళ్ళు కిమ్మనకుండా నిలబడ్డారు. ఇరవై నిమిషాల తర్వాత ఆయన చెయ్యి పైకి లేచింది.

“దొరికింది. అరవై ఒకటోది నేను ఇందాకే విన్నాను. నలభై రెండోది. అదే పాట, అక్షరం తేడా లేదు.”

నలభై రెండోది ఏడో డిపో సెలవు లెక్క. దాని నకలు ఒకటి ఫైలు చిట్టచివర, పదో డిపో వెనకాల నక్కి కూర్చుంది. కళ్ళజోడు దాన్ని ఒకచోట అతికించబోయి, చెయ్యి జారి అడుగున కూడా అతికించింది. తెర మీద ఎడిటర్ ప్రతి ఎనానిమస్‌నీ ఒక్క లైనులోకి మడిచి పెడుతుంది కాబట్టి, ఆఖరిది కూడా పదో డిపోదే అనుకుని కళ్ళున్నవాళ్ళందరూ దాటిపోయారు. సెలవివ్వగానే పైనున్నది ఒక డ్రైవర్ని పిలిచేది, కిందున్నది ఇంకొకర్ని పిలిచేది. తప్పు రాసుంటే ఎప్పుడో దొరికేది. ఒప్పునే రెండుసార్లు రాసింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, రేడియో గారి మొహం కూడా మాడింది. మూడు వారాలుగా ఆ తప్పును రోజూ పొద్దున్నే గొంతు చించుకుని ప్రకటించింది ఆయనే. అసలు ఎన్నుండాలమ్మా అని పక్క బల్లను ఒక్క ప్రశ్న అడిగుంటే మొదటిరోజే తేలిపోయేది. అడిగితే చులకనైపోతానని బిగుసుకున్నందుకు ఏడో డిపోలో ఇద్దరి చొక్కాలు చిరిగాయి.

కళ్ళజోడు నకలు పీకేసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే కూర్చుని, మధ్యాహ్నం అన్నం కూడా బల్ల దగ్గరే తింటూ, అరవైకీ పేర్లు పెట్టింది. ఆరో డిపో ఓవర్‌టైమ్, ఏడో డిపో సెలవు బదులు, ఎనిమిదో డిపో వారం సెలవు. ప్రతి పదింటికీ ఒకసారి “సార్, ఇది విని చెప్పండి” అనేది. “మరీ పొడుగ్గా ఉందమ్మా, పెళ్ళి పత్రికలా” అని ఆయన కసిరేవారు. పొట్టిగా పెడితే అర్థం కావట్లేదని కసిరేవారు. ఆ పిల్లకి ఒళ్ళు మండినా ఊరుకుంది.

నాలుగు గంటలకి తాళాల మేడమ్ వచ్చింది. తాళాలు చప్పుడు చేయకుండా గుప్పిట్లో పట్టుకుని వచ్చింది కాబట్టి, ఆవిడ మాట్లాడేదాకా ఆయనకి తెలియలేదు.

“రేడియో గారూ, కాగితం వచ్చింది. దీన్ని పక్కన పెట్టేస్తున్నానని చెప్పడానికొచ్చాను.”

“సంతోషం మేడమ్. అందులో ఏం రాశారు?”

“ఏదో మామూలుగానే. నేనే రాశాను. ఇప్పుడెందుకులెండి.”

“పెద్దగా చదవండి. నిదానంగా. పొద్దున్న మీరు నా జాబితా విన్నారు కదా, నేనూ మీది వింటాను.”

ఆవిడ కాగితం మడత విప్పింది. గదిలో మీటల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ చదివింది.

“సదరు ఉద్యోగి పనితీరును పరిశీలించిన మీదట, సదరు ఉద్యోగి శారీరక పరిస్థితిని దృష్టిలో ఉంచుకొని, సదరు ఉద్యోగి సౌకర్యార్థం, సదరు ఉద్యోగిని...” అక్కడ కాగితం దించేసింది. “ఇంక చాలండీ.”

“సగంలో ఆపితే లెక్క తేలదు మేడమ్. చివరిదాకా కానివ్వండి.”

ఆయన వేలు బల్ల మీద మెల్లగా కొడుతోంది. ఆవిడ మిగతాది చదివింది. పేజీన్నర కాగితం, ఎక్కడా ఒక చెడ్డమాట లేదు. అంతా దయే.

“పదకొండు సదరులు,” అన్నారు రేడియో గారు.

“రాసినప్పుడు బాగానే ఉందనుకున్నాను,” అంది ఆవిడ. “మీకు మంచి చేస్తున్నాననే అనుకున్నాను. నోటితో చదువుతుంటేనే...”

“నాకూ తెలుసు మేడమ్, మంచికే అనుకున్నారని. అందుకే సోమవారం ఏమీ అనలేకపోయాను.”

కాగితం నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చిరిగింది. రేడియో గారు ఇయర్‌ఫోన్ వెతుక్కుని చెవిలో పెట్టుకోబోయి, మానేసి, తీగ పీకేసి బల్ల మీద పడేశారు. మూడు మీటలు నొక్కారు. యంత్రం మూడింతల వేగంతో అరవై పేర్లనీ గదంతటికీ వినబడేలా గోళీల డబ్బాలా ఊపేసింది. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరూ అక్కడినుంచి కదల్లేదు.

మొదట్లో ఇచ్చిన మాట ప్రకారం ఈ కథలో ఎవరూ ఏడవలేదు. తాళాల మేడమ్‌కి కాస్త జలుబు చేసింది, అంతే. కాసేపటికి అది రేడియో గారికీ అంటుకుంది.